తలలో ఉన్న సంగీతం, కాగితం మీది సంగీతం: కౌంట్ బేసీ రెండు బ్యాండ్ల కేసు

1936 నవంబరులో అమెరికాలోని కాన్సస్ సిటీ నుంచి చికాగోలోని గ్రాండ్ టెరేస్ బాల్‌రూమ్‌కు ఒక బ్యాండు వచ్చి దిగింది. సొంత ఊళ్లో రాత్రంతా వాయించి తెల్లవారుజామున కూడా అలసట ఎరగని జట్టు అది. చికాగోలో మాత్రం ఆరంభంలోనే తడబడింది. అక్కడ జనం నాట్యం చేయడానికి వాయిస్తే సరిపోదు. వేదిక మీద నర్తకులతో, గాయకులతో నడిచే షోకు రాసి ఇచ్చిన సంగీతాన్ని రాసినట్టే వాయించాలి. ఈ జట్టులో అందరికీ కాగితం చూసి గబగబా చదివే అలవాటు లేదు. తమ పాటల్లో చాలావాటికి అసలు కాగితమే లేదు.

అప్పుడు ఆదుకున్నవాడు ఫ్లెచర్ హెండర్సన్. అంతకుముందు ఆ హాల్లో వాయించిన బ్యాండు అతనిదే. తన బ్యాండు కోసం రాసుకున్న నొటేషన్ కట్టలు తీసి, వీటిలో కావలసినవి వాడుకొమ్మన్నాడు. పోటీ బ్యాండు నాయకుడు తన పెట్టె తెరిచి ఇవ్వడం ఈ వృత్తిలో ఎంత అరుదో నాకు తెలుసు. చికాగోలో తడబడిన ఆ జాజ్ బ్యాండు నాయకుడు, పియానో వాయించే కౌంట్ బేసీ, ఆ మేలును జీవితాంతం చెప్పుకున్నాడు.

నేను పాతికేళ్లుగా కచేరీ ఆర్కెస్ట్రాలకు నొటేషన్ రాసే పనిలో ఉన్నాను. బేసీ కేసును తవ్వడం మొదలుపెట్టింది సంగీతం మీద ప్రేమతో కాదు, ఒక దెబ్బ తిన్నాక. పద్దెనిమిది పాటల కార్యక్రమం. సాయంత్రం ఆరింటికి తెర లేవాలి. మధ్యాహ్నం రెండింటికి కీబోర్డు వాయించే కుర్రవాడు రాలేనని ఫోను చేశాడు. పాటల మధ్య వచ్చే బిట్లన్నీ అతని తలలో ఉన్నాయి. నా దగ్గర ఉన్నవి శ్రుతుల పట్టిక, పల్లవి మొదటి మాటలు, అంతే. ఆ రాత్రి ఎలా గట్టెక్కామో చెప్పుకోదగ్గ కథ కాదు. కానీ ఒక ప్రశ్న మిగిలింది: ఒక బ్యాండులో ఎంత భాగం మనుషుల తలల్లో ఉండాలి, ఎంత భాగం కాగితం మీద ఉండాలి?

ఈ ప్రశ్నకు బేసీ తన జీవితంలో రెండు సార్లు, రెండు వేర్వేరు జవాబులు చెప్పాడు. స్వింగ్ కాలపు (1930లు, 40లలో పెద్ద జాజ్ బ్యాండులు జనం నాట్యానికి వాయించిన రోజులు) నాయకుల్లో ఈ పని చేసినవాళ్లు అరుదు. అందుకే ఈ కేసు.

నేపథ్యం

విలియం బేసీ 1904 ఆగస్టు 21న న్యూజెర్సీలోని రెడ్ బ్యాంక్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తల్లి ఇళ్లవాళ్ల బట్టలు ఉతికి, కేకులు చేసి అమ్మి, పాఠానికి పాతిక సెంట్ల చొప్పున కొడుక్కి పియానో నేర్పించింది. అతనికి డ్రమ్ములంటే ఇష్టం. పక్క ఊరి సానీ గ్రీర్ అంతకంటే బాగా వాయిస్తున్నాడని గ్రహించి పియానోకు మారాడు. ఆ గ్రీరే తరవాత పేరుమోసిన బ్యాండు నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ దగ్గర డ్రమ్మరయ్యాడు. తనకంటే బాగా చేసేవాడు ఉన్నచోట పక్కకు తప్పుకోవడం బేసీకి అప్పటినుంచే వచ్చు. కేసులో ఇది ముందు ముందు చాలాసార్లు కనబడుతుంది.

1920ల నడుమ న్యూయార్క్‌లోని హార్లెం చేరి పియానో, ఆర్గన్ విద్వాంసుడు ఫ్యాట్స్ వాలర్ దగ్గర కూర్చుని ఆర్గన్ నేర్చుకున్నాడు. సంచార వినోద బృందాలతో ఊళ్లు తిరుగుతూ 1927లో కాన్సస్ సిటీలో చిక్కుకుపోయాడు; బృందం విచ్ఛిన్నమైంది, చేతిలో డబ్బు లేదు. మూకీ సినిమాలకు ఆర్గన్ వాయిస్తూ బతికాడు. 1928లో వాల్టర్ పేజ్ నడిపే బ్లూ డెవిల్స్ బ్యాండులో, 1929లో బెన్నీ మోటెన్ బ్యాండులో చేరాడు. మోటెన్ తానే పియానో వాద్యకారుడు. అయినా బేసీని పెట్టుకున్నాడంటే ఆ ఊరి నాయకులకు చెవి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. 1935 ఏప్రిల్‌లో టాన్సిల్స్ శస్త్రచికిత్సలో మోటెన్ చనిపోయాడు. అతని జట్టులో కొందరు, బ్లూ డెవిల్స్ పాతవాళ్లు కొందరు కలిసి బేసీ చుట్టూ చేరి రీనో క్లబ్బులో వాయించడం మొదలుపెట్టారు. తొమ్మిది మంది.

ఆ రోజుల్లో కాన్సస్ సిటీ రాజకీయం టామ్ పెండర్‌గాస్ట్ గుప్పిట్లో ఉండేది. మద్యనిషేధమూ ఆర్థిక మాంద్యమూ అక్కడి రాత్రి క్లబ్బుల జోలికి పెద్దగా రాలేదు. నీతి సంగతి పక్కన పెడితే, సంగీతకారులకు అది గొప్ప బడి. జీతం తక్కువ, పని గంటలు మితిమీరి ఎక్కువ. ఒకే పాటను ఇరవై నిమిషాలు సాగదీయవలసిన చోట కాగితం ఎందుకు పనికొస్తుంది? మూడు నిమిషాల్లో అయిపోతుంది.

మొదటి జవాబు: అంతా తలలోనే

ఇంగ్లీషులో హెడ్ అరేంజ్‌మెంట్ అంటారు. ఎవరో ఒకరు చిన్న స్వరగుచ్ఛం అందుకుంటారు. నాలుగు స్వరాలో అయిదో ఉంటాయి, దాన్ని రిఫ్ అంటారు. పక్కవాడు దానికి పై స్వరమో కింది స్వరమో వెతుక్కుంటాడు. శాక్సఫోన్లు ఇలా ఒక మాట అంటుంటే ట్రంపెట్లు దానికి ఎదురుమాట తయారు చేస్తాయి. రెండు మూడు రాత్రులు గడిచేసరికి అది స్థిరపడి పాటగా నిలుస్తుంది. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళాన్ని జాగ్రత్తగా గమనించినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. క్లారినెట్ ఆయన పల్లవి ఎత్తుకోగానే మిగిలినవాళ్లు అందుకుంటారు. ఎవరి ముందూ కాగితం ఉండదు. తేడా ఏమిటంటే మన మేళంలో చాలా వరకు అందరూ ఒకే వరస వాయిస్తారు. బేసీ మనుషులు మూడు నాలుగు వరసలు చెవితోనే పేర్చేవారు.

హ్యారీ ఎడిసన్ అనే ట్రంపెటర్ చెప్పిన ముచ్చట ఒకటి ఈ వృత్తిలో అందరికీ తెలుసు. కొత్తగా చేరిన అతను, ప్రతి పాటలో నా స్వరం ఏదో తెలియక ఇబ్బంది పడుతున్నాను, వెళ్లిపోతానన్నాడట. ఈ రాత్రి నీకు సరిపడే స్వరం దొరికితే రేపు వచ్చి అదే వాయించు అన్నాడట బేసీ. నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, నొటేషన్ రాసేవాడిగా నేను దీన్ని ఒక పద్ధతిగానే చూస్తాను. ఆ జట్టులో నొటేషన్ రాసింది జట్టే. కాగితానికి బదులు అలవాటు మీద రాసింది.

దీని ఫలితం దగ్గరగా చూడాలంటే 1937 జూలై 7న డెకా కంపెనీకి రికార్డు చేసిన ‘వన్ ఓ క్లాక్ జంప్’ వినాలి. పన్నెండు గడుల (గడికి నాలుగు మాత్రలు) బ్లూస్ చట్రం; బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివారి పాటల్లోంచి వచ్చిన బాణీ. అదే చట్రం తిరిగి తిరిగి వస్తుంది. ముందు బేసీ పియానో మీద ఎఫ్ శ్రుతిలో రెండు చుట్లు వాయిస్తాడు. ఆ తరవాత ఒక్క గెంతుతో పాట డి ఫ్లాట్‌లోకి మారుతుంది, హెర్షెల్ ఎవాన్స్ టెనార్ శాక్సఫోన్‌తో లోపలికి వస్తాడు. ఆ మలుపులో వెలుగు రంగు మారినట్టు ఉంటుంది. తరవాత ట్రాంబోన్, తరవాత లెస్టర్ యంగ్, ఆ తరవాత ట్రంపెట్‌తో బక్ క్లేటన్. ఒకే వాద్యం పట్టుకున్న ఎవాన్స్, యంగ్‌లను వెంటవెంటనే కాకుండా మధ్యలో ట్రాంబోన్ ఉంచి వినిపించడం గమనించండి. ఎవాన్స్ గొంతు బరువు, లోతు; యంగ్ గొంతు తేలిక, ఆరిన నూలు బట్టలా ఉంటుంది. మళ్లీ బేసీ వస్తాడు, ఈసారి దాదాపు ఏమీ వాయించడు. రెండు చుక్కలు, ఒక మౌనం. చివరి చుట్లలో మాత్రమే జట్టంతా లేచి రిఫ్‌ల మీద రిఫ్‌లు పేరుస్తుంది. ఇందులో రాసి పెట్టుకున్నది ఏమీ లేదు. ఎవరు ఎప్పుడు రావాలన్న క్రమం ఒక్కటే ఉంది. ఆ క్రమమే నాయకుడి పని.

పేరు కథ కూడా చిన్నది కాదు. క్లబ్బులో దానికి ఉన్న పాత పేరు రేడియోలో పలకదగ్గది కాదు. ప్రసారం నడుస్తుండగా గడియారం ఒంటిగంటకు దగ్గరపడటం చూసి కొత్త పేరు పెట్టేశారు. ఆ పాట తయారీలో ఆల్టో శాక్సఫోన్ వాయించే బస్టర్ స్మిత్‌కు, ఎడ్డీ డర్హమ్‌కు పెద్ద పాత్ర ఉంది. రికార్డు మీద రచయితగా కనబడేది బేసీ పేరొక్కటే. తలలో పుట్టిన సంగీతానికి ఇది మొదటి జబ్బు: పది మంది చేసిన దానికి యజమాని ఎవరంటే బోర్డు మీద పేరున్నవాడే అవుతాడు. స్మిత్ అప్పటికే జట్టులో లేడు. ఈ ప్రయాణం నమ్మదగ్గది కాదనుకుని కాన్సస్ సిటీలోనే ఆగిపోయాడు. బేసీ నాకు ఇష్టమైన నాయకుడే, అయినా ఈ విషయంలో అతన్ని వెనకేసుకురాలేను.

తీసివేతల లెక్క

రిథమ్ సెక్షన్ గురించి, అంటే లయ నడిపే డ్రమ్ములు, బాస్, గిటారు, పియానోల గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. ఈ కేసు గుండె అక్కడే ఉంది.

అప్పటివరకు బ్యాండుల్లో డ్రమ్మరు పాదంతో పెద్ద డ్రమ్మును మోదుతూ లయ నడిపేవాడు. బాస్ వాద్యకారుడు చాలాచోట్ల మాత్ర విడిచి మాత్ర వాయించేవాడు. పియానో వాయించేవాడి ఎడమచెయ్యి అటూ ఇటూ గెంతుతూ అదే లయను మళ్లీ చెప్పేది. అంటే ఒకే మాటను ముగ్గురు గట్టిగా చెప్పడం. మన కచేరీలో మృదంగం, ఘటం, కంజీర మూడూ కీర్తన పొడుగునా నిండు చేతులతో వాయిస్తే గాయకుడి గతి ఏమవుతుందో ఊహించండి.

బేసీ జట్టులో వాల్టర్ పేజ్ (తన పాత నాయకుడే ఇప్పుడు తన దగ్గర బాస్ వాయిస్తున్నాడు) నాలుగు మాత్రలకూ నాలుగు స్వరాలు నడిచి వెళ్లినట్టు వాయించాడు. ఆ పని బాస్ తీసుకోవడంతో జో జోన్స్ పాదానికి బరువు తగ్గింది. అతను లయను హై హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) మీదికి ఎక్కించాడు. మోత పోయి గాలి వీచినట్టు వచ్చింది. 1937 మార్చిలో ఫ్రెడ్డీ గ్రీన్ గిటార్‌తో చేరాడు. కరెంటు తగలని గిటారు. మాత్రకు ఒక మీటు, నాలుగు మాత్రలకు నాలుగు. సోలోలు వాయించవలసిన అవసరం లేదని నిర్ణయించుకున్న మనిషి, ఆ తరవాత యాభై ఏళ్లలో దాదాపు సోలో అన్నదే వాయించలేదు.

ఇప్పుడు బేసీ ఎడమచేతికి పని లేదు. ఫ్యాట్స్ వాలర్ దగ్గర నేర్చుకున్న ఆ గెంతులన్నీ వచ్చు. కావాలంటే వాయించి చూపగలడు. కానీ ఆ పని ఇప్పటికే ముగ్గురు చేస్తున్నారు. అందుకని మానేశాడు. కుడిచేత్తో ఒకటి రెండు స్వరాలు, సరిగ్గా పడవలసిన చోట. అతనికి ఇంతే వచ్చు అనుకున్న విమర్శకులు కూడా ఉన్నారు. సానీ గ్రీర్‌కు డ్రమ్ములు వదిలేసిన కుర్రవాడే మళ్లీ కనిపిస్తున్నాడు నాకు.

ఊరు దాటించిన రేడియో, ఊడ్చుకుపోయిన ఒప్పందం

రీనో క్లబ్బు సంగీతం డబ్ల్యూ9ఎక్స్‌బీవై అనే ప్రయోగాత్మక కేంద్రం నుంచి ప్రసారమయ్యేది. రేడియో ముల్లును కుడివైపు చివరి దాకా తిప్పితే తగిలే కేంద్రం. బేసీకి ‘కౌంట్’ అనే బిరుదు తగిలించింది కూడా ఆ ప్రసారాల్లో మాట్లాడే వ్యాఖ్యాతే. రాజులూ డ్యూకులూ ఉన్న రంగంలో ఇంకొక ప్రభువు ఉంటే బాగుంటుందని. 1936 ఆరంభంలో జాన్ హ్యామండ్ చికాగోలో బెన్నీ గుడ్‌మన్ వాయిస్తున్న హోటల్ బయట తన కారులో కూర్చుని ముల్లు తిప్పుతుంటే ఈ బ్యాండు తగిలింది. ధనిక కుటుంబంలో పుట్టి జాజ్ వెంట తిరిగే యువకుడు. మంచి చెవి, అంతకంటే మంచి పరిచయాలు. పత్రికల్లో రాశాడు, స్వయంగా వెళ్లి విన్నాడు, బ్యాండులకు కచేరీలు కుదిర్చే పెద్ద ఏజెన్సీని ఒప్పించాడు. రికార్డు కంపెనీతో మాట్లాడుతున్నాడు.

అతని రాతలు చూసి డెకా కంపెనీ మనిషి ముందే కాన్సస్ సిటీకి వెళ్లాడు. బేసీ హ్యామండ్ పంపిన మనిషే కాబోలనుకుని సంతకం పెట్టేశాడు. ఏడాదికి 24 పాటలు, మొత్తం 750 డాలర్లు, రాయల్టీ లేదు, మూడేళ్ల ఒప్పందం. పాటకు ముప్పై ఒక్క డాలర్ల పాతిక సెంట్లు. దాన్ని పదమూడు మందికి పంచి చూడండి. హ్యామండ్ ఆ కాగితం చూసి తల పట్టుకుని, సంగీతకారుల సంఘానికి ఫిర్యాదు చేసి కనీస వేతనం దాకా పెంచగలిగాడు గానీ రాయల్టీ రాలేదు. ‘వన్ ఓ క్లాక్ జంప్’ లాంటి రికార్డులు ఎన్ని అమ్ముడైనా, వాయించినందుకు బ్యాండుకు రావలసిన వాటా రాలేదు. సంగీతాన్ని కాగితం లేకుండా అద్భుతంగా నడిపిన మనిషి, తీరా కాగితం ముందుకొచ్చిన చోట చదవకుండా సంతకం చేశాడు. నా వృత్తిలో దీన్ని ఎవరికి చెప్పినా నవ్వరు. అందరికీ ఇలాంటిది ఒకటి ఉంది.

బ్యాండు తొమ్మిది నుంచి పదమూడుకు పెరిగింది. ఇక్కడే కేసు మొదట్లో చెప్పిన చికాగో తడబాటు. ఆ ఏడాది చివర న్యూయార్క్ రోజ్‌లాండ్ బాల్‌రూమ్‌లో ఇంకో దెబ్బ: శాక్సఫోన్ల శ్రుతి కలవడం లేదు, ట్రంపెట్లు ట్రాంబోన్లు అంతకంటే అన్యాయం, అందరూ కలిస్తే మరీ అన్యాయం అని 1937లో మెట్రోనోమ్ పత్రికలో జార్జ్ సైమన్ రాశాడు. విమర్శ నిజమే. కొందరి వాద్యాలు బాగాలేవు, తొమ్మిది మందికి కుదిరిన చెవి లెక్క పదమూడు మందికి ఇంకా కుదరలేదు. తన పెద్ద బ్యాండు కూడా ఆ తొమ్మిది మందిలాగే కలిసి ఊపిరి తీసుకోవాలన్నది బేసీ కోరిక. అందుకు నెలలు పట్టింది, కొందరిని మార్చవలసి వచ్చింది.

నిలబెట్టింది 1938 జూలైలో న్యూయార్క్ 52వ వీధిలోని ఫేమస్ డోర్ అనే క్లబ్బు. పేరు గొప్పదే గానీ ఇరుకు గది, తక్కువ ఎత్తు కప్పు. పధ్నాలుగు మంది వాయిస్తే ధ్వని శ్రోత ఒళ్లో పడుతుంది. ఎండాకాలంలో ఉక్కకు జనం రారు కాబట్టి ఏజెన్సీ ఏసీ పెట్టించడానికి యజమానులకు 2,500 డాలర్లు అప్పు ఇచ్చి బ్యాండును ఒప్పించింది. ఎందుకంత ఆరాటం? ఆ గది నుంచి సీబీఎస్ రేడియో దేశమంతటా ప్రసారం చేస్తుంది. క్లబ్బు ఇచ్చే డబ్బు ముఖ్యం కాదు. ఆ ప్రసారం విన్న ఊళ్లన్నీ తరవాత ఒక్కొక్క రాత్రికి పిలుస్తాయి, డబ్బంతా అక్కడ. పేరు రేడియోలో, కూడు బస్సు ప్రయాణంలో. నల్లజాతి బ్యాండులకు వాణిజ్య కంపెనీలు పోషించే రేడియో కార్యక్రమాలూ, పెద్ద హోటళ్లలో నెలల తరబడి ఒకేచోట వాయించే అవకాశాలూ దాదాపు మూసుకుపోయి ఉండేవి. అందుకని బస్సు తప్పదు, ఆ బస్సు దిగిన ఊళ్లో తినడానికి, పడుకోవడానికి చోటు దొరుకుతుందన్న నమ్మకమూ లేదు. ఆ జట్టుతో ఏడాదిపాటు పాడిన బిల్లీ హాలిడే, డెట్రాయిట్‌లో తన మొహానికి నల్లరంగు పూసుకోమన్నారని ఆత్మకథలో చెప్పుకుంది. దీపాల వెలుగులో ఆమె తెల్లగా కనబడుతుందని థియేటరు వాళ్ల భయం.

తలలు వెళ్లిపోతే

1939 ఫిబ్రవరిలో హెర్షెల్ ఎవాన్స్ గుండె జబ్బుతో చనిపోయాడు. ముప్పై నిండలేదు. 1940 డిసెంబరులో లెస్టర్ యంగ్ వెళ్లిపోయాడు. 1942లో వాల్టర్ పేజ్. 1943లో బక్ క్లేటన్‌ను సైన్యం పిలిచింది. యంగ్ తిరిగి వచ్చాడు, కానీ 1944లో అతన్నీ జో జోన్స్‌నూ కలిపి సైన్యం తీసుకుపోయింది. యంగ్ సైన్యంలో శిక్ష కూడా అనుభవించి బయటపడ్డాడు. ఆ మనిషి మళ్లీ మునుపటిలా లేడంటారు. 1942 ఆగస్టు నుంచి సంగీతకారుల సంఘం రికార్డింగుల సమ్మె. బేసీ అప్పుడున్న కొలంబియా కంపెనీతో రాజీ కుదిరేసరికి 1944 నవంబరు.

వచ్చినవాళ్లు తక్కువవాళ్లు కారు. బడ్డీ టేట్, డాన్ బయాస్, ఇల్లినాయ్ జాకె, షాడో విల్సన్. ఏ నాయకుడైనా కళ్లకద్దుకునే జాబితా. అయినా ఒక్కొక్కరు వెళ్లినప్పుడల్లా పాటలోంచి ఒక గోడ వెళ్లిపోయేది. ఎందుకంటే ఆ పాట ఆ మనిషి చెవిలో ఉంది. రాసిన నొటేషన్లు అప్పటికే కొంత పెరిగాయి గానీ బ్యాండు పేరు నిలబడింది వాటి మీద కాదు.

యుద్ధం ముగిశాక అందరికీ గడ్డుకాలం. నాట్యశాలల మీద 1944లో పన్ను వేశారు, ముందు 30 శాతం, కొన్ని నెలలకు 20 శాతం. జనం గాయకుల వైపు, ఇంటి వైపు, తరవాత టెలివిజన్ వైపు తిరిగారు. 1946 చివరి వారాల్లో బెన్నీ గుడ్‌మన్, టామీ డార్సీ, హ్యారీ జేమ్స్, వుడీ హర్మన్ తమ బ్యాండులను రద్దు చేశారు. బేసీ 1947లో ‘ఓపెన్ ద డోర్, రిచర్డ్’ అనే హాస్యగీతంతో అమ్మకాల్లో మొదటి స్థానం కొట్టాడు. ఆ రికార్డు వింటే నాకు జాలేస్తుంది. పదిమంది గొప్ప వాద్యకారులు కూర్చుని తలుపు తియ్యమని కేకలు పెట్టడం. 1950లో అతనూ బ్యాండును రద్దు చేసి ఏడెనిమిది మందితో చిన్న జట్టు పెట్టుకున్నాడు. గుర్రప్పందాల మోజు కూడా ఉండేది కాబట్టి డబ్బు ఇబ్బంది అంతా కాలానిది కాదు. ఆ జట్టులో మొదట ఫ్రెడ్డీ గ్రీన్ లేడు. ఒక రాత్రి గ్రీన్ పిలవకుండానే గిటారు తెచ్చుకుని వేదిక ఎక్కి కూర్చున్నాడన్న కథను ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు.

రెండో జవాబు: కాగితం

గాయకుడు బిల్లీ ఎక్‌స్టైన్ లాంటి మిత్రులు పోరగా 1952 నాటికి మళ్లీ పదహారు మందితో బ్యాండు నిలిచింది. ఈసారి పునాది వేరు. నీల్ హెఫ్టీ, ఎర్నీ విల్కిన్స్, బ్యాండులోనే శాక్సఫోన్ వాయించే ఫ్రాంక్ ఫాస్టర్, ఫ్రాంక్ వెస్, వీళ్లంతా రాసేవాళ్లు. ఆల్టో వాయించే మార్షల్ రాయల్‌కు జట్టును తీర్చిదిద్దే బాధ్యత ఇచ్చాడు. సాధనలో అతను కఠినుడు. అయిదు శాక్సఫోన్లు ఒకేచోట ఊపిరి తీసుకోవాలి, ఒకేచోట స్వరం విడవాలి. 1937లో సైమన్ రాసిన విమర్శకు జవాబు పదిహేనేళ్ల తరవాత వచ్చింది.

మరి నాయకుడు ఏం చేశాడు? కొట్టేశాడు. రాసి తెచ్చిన నొటేషన్‌ను జట్టుతో వాయించి చూసి, ఇక్కడ బరువైంది, ఈ భాగం వద్దు, ఇక్కడ నాలుగు మాత్రలు వదిలేద్దాం అనేవాడు. నాకు నచ్చిన ఉదాహరణ హెఫ్టీ రాసిన ‘లిల్ డార్లిన్’. 1957 అక్టోబరులో రూలెట్ కంపెనీకి చేసిన ఆల్బంలో ఉంది. హెఫ్టీ అనుకున్న నడక ఇంకా వేగం. బేసీ దాన్ని నెమ్మది చేశాడు; కొంచెం కాదు, ఇంకొంచెం నెమ్మదిస్తే ఆగిపోతుందేమో అన్నంత. కాగితం మీద ఒక్క స్వరం మారలేదు. పాట వేరే పాట అయింది. నేను ఒకసారి దీన్ని మా వాళ్లతో వాయించడానికి ప్రయత్నించాను. రెండో పంక్తికల్లా అందరూ పరుగెత్తారు. వేగంగా వాయించడానికి సాధన చాలు. అంత నెమ్మదిగా వాయించడానికి పక్కవాడి మీద నమ్మకం ఉండాలి.

ఇంకొకటి 1955లో రికార్డు చేసిన ‘ఏప్రిల్ ఇన్ పారిస్’. పాట ముగుస్తుంది, ముగిశాక బేసీ గొంతు వినబడుతుంది, ఇంకొక్కసారి అని. ముగింపు మళ్లీ వాయిస్తారు. మళ్లీ గొంతు, మళ్లీ ముగింపు. ఆ తరవాత ముప్పై ఏళ్లు ప్రతి ఊళ్లోనూ శ్రోతలు ఆ ‘ఇంకొక్కసారి’ కోసం కాచుకు కూర్చున్నారు. అప్పటికప్పుడు పుట్టినట్టు వినిపించే సరదా కూడా రాత్రి రాత్రీ మారని భాగమైపోయింది. కాగితం బ్యాండుకు ఉన్న సుఖమూ అదే, విసుగూ అదే.

1954 డిసెంబరులో చేరిన జో విలియమ్స్ పాడిన బ్లూస్ రికార్డులు జనంలోకి దూసుకుపోయాయి. 1959లో జరిగిన మొదటి గ్రామీ వేడుకలో బేసీ రెండు బహుమతులు అందుకున్నాడు. ఆ బహుమతి పొందిన మొదటి నల్లజాతి పురుషుడు అతనే. తరవాత ఫ్రాంక్ సినాట్రాతో ఆల్బంలు, క్విన్సీ జోన్స్ నొటేషన్లు, ప్రపంచ పర్యటనలు. వాటిని గురించి ఎంతైనా రాయవచ్చు గానీ ఈ కేసుకు కొత్తగా చేర్చేది తక్కువ. యంత్రం నడుస్తోంది, బాగా నడుస్తోంది. 1976లో గుండెపోటు వచ్చింది. చివరి ఏళ్లలో చిన్న మోటారు బండి మీద వేదిక మీదికి వచ్చి పియానో ముందు దిగేవాడు. 1984 ఏప్రిల్ 26న చనిపోయాడు.

బ్యాండు ఆగలేదు. థాడ్ జోన్స్, ఫ్రాంక్ ఫాస్టర్, గ్రోవర్ మిచెల్, బిల్ హ్యూస్, డెన్నిస్ మాక్రెల్, 2013 నుంచి స్కాటీ బార్న్‌హార్ట్ వరసగా నడుపుతూ వచ్చారు. 1938 నాటి ఫేమస్ డోర్ బ్యాండును ఇలా ఎవరూ నడపలేరు. దానికి యంగ్ కావాలి, ఎవాన్స్ కావాలి, జో జోన్స్ కావాలి.

నా అభిప్రాయం అడిగితే, వినడానికి మొదటి బ్యాండు. ఇంట్లో రాత్రి పూట నేను వేసుకునేది అదే. కానీ రేపు ఒక జట్టు బాధ్యత నా నెత్తిన పెడితే రెండోదానిలా నడుపుతాను, ఆ మధ్యాహ్నం రెండింటి ఫోను నాకు ఇంకా గుర్తుంది.

అయితే కాగితానికి అందనిది ఒకటి రెండు బ్యాండుల్లోనూ ఉంది. ఫ్రెడ్డీ గ్రీన్ 1937లో చేరి, 1950లో కొద్ది కాలం తప్ప, బేసీ పోయాక కూడా అదే కుర్చీలో కూర్చుని 1987 మార్చిలో చనిపోయేదాకా వాయించాడు. అతని వాద్యం రికార్డులో విడిగా వినబడటం తక్కువ, ఆపేస్తే తెలుస్తుంది. మొన్న సాధనకు ఫాస్టర్ రాసిన ‘షైనీ స్టాకింగ్స్’ తెచ్చాను. ఇలాంటి నొటేషన్‌లో గిటారు వంతు ఎలా ఉంటుందంటే, ప్రతి గడిలో పైన స్వరాల కూటమి (కార్డ్) పేరు, కింద నాలుగు ఏటవాలు గీతలు, పేజీల నిండా అంతే. మా గిటారు కుర్రవాడు మొదటి పేజీ చూశాడు, రెండో పేజీ తిప్పాడు, మళ్లీ మొదటి పేజీకి వచ్చాడు.

“మాస్టారూ, నాకు ఇందులో ఏమీ రాయలేదండీ” అన్నాడు.